దాపటెద్దు కొమ్ము

నేను చెత్తతో బొమ్మలు చేస్తనని ఒక పేపరాయన రాసిండు. బడి మొఖం చూడనోణ్ని. కిరాణంల పప్పు కట్టిచ్చిన కాయితాలు చదివి అక్షరాలు నేర్చుకున్న. ఆ వార్త రెండుసార్లు చదివిన. రెండుసార్లూ కోపమే వచ్చింది. నాగటి కర్రు చెత్తనా? ఏండ్లకేండ్లు నేలను చీల్చి ఊరికి బువ్వ పెట్టిన ఇనుము అది. పారేసినోడు చెత్తోడు గని, కర్రు చెత్తెట్లయితది?

మహబూబాబాద్ నుంచి కురవి పోయే తొవ్వ మీద మా ఇల్లు. ట్రాక్టర్లు వచ్చినంక ఇంటింటి నాగండ్లు పాత ఇనుప సామాన్ల దుకాణానికి పోయినయి. నేను ఆ దుకాణంలనే ఏరుకొచ్చుకున్న. ముందు కొంగను చేసిన, తరువాత మేకను. ఆఖరికి ఎద్దును మొదలువెట్టిన. రెండు కర్రులు కలిపితే మొఖం, బండి చక్రాల పట్టాలు వంచితే పక్కటెముకలు, సైకిల్ చైను తోక, రెండు అరిగిన కొడవళ్లు కొమ్ములు.

ఏదో ఒక ఎద్దు కాదు. నాగలికి ఎడమదిక్కు నడిచిన మా దాపటెద్దు. దాని కొమ్ముల్లో ఒకటి నిలువుగ ఉండేది, ఒకటి కిందికి ఒరిగి ఉండేది. ట్రాక్టర్ మాట్లాడుకున్న ఏడు దాన్ని నేనే ముందు నడుచుకుంట అంగడికి పట్టుకపోయి అమ్మిన. పలుపుతాడు వేరేవాని చేతుల పెట్టి, తిరిగి చూడకుంట ఇంటికొచ్చిన. అందుకే బొమ్మను చూసినోళ్లు ఒక్కరన్న "గిది మీ ఎద్దే" అనాలని నా ఆశ.

ఎవ్వరూ అనలే. ఇంటి ముందట నిలవెట్టిన బొమ్మను చూసి, కురవి జాతరకు నడిచిపోయేటోళ్లు నందీశ్వరుడనుకొని బొట్లు పెట్టిండ్రు. పొద్దున లేస్తే బొట్లు తుడుసుడే నాకు పని.

"దేవుడు గాదయ్యా, ఎద్దు. పేడ వేసిన ఎద్దు" అంటే, "నీకేమెరుక తాతా, దేవుడు ఏ రూపంలనన్న వస్తడు" అని నాకే బుద్ధి చెప్పి పోయిండ్రు.

ఒకనాడు తండా ఆమె ఒకామె మా ఇంటి ముందట ఆటో దిగింది. నా ఈడుదే. ఒకప్పుడు మా చేన్ల కలుపు తీసి, పొద్దూకినంక ఎద్దులకు కుడితి పెట్టేది. బొమ్మకు ఎదురుగ నిలవడి చానసేపు చూసింది.

"గిది మీ దాపటిది గాదా, అన్నా?"

తలూపిన.

"కొమ్ము తప్పు పెట్టినవ్" అన్నది.

నాకు చుర్రుమన్నది. "నాకే చెప్తవా? పదేండ్లు దానెనక నడిచిన!"

"గందుకే తప్పింది. నువ్వు దాని తోక జూసినోనివి. మొఖం జూసింది నేను." కుడితి బకిటి పట్టినట్టు చేతులు చాపి, కుడి చెయ్యి నా ముందట పెట్టింది. మోచేతి కింద పాత గాటు. "తాగి తల ఎత్తితే ఒరిగిన కొమ్ము గీ చేతికే తాకేది. ఎన్ని గాజులు పలగ్గొట్టిందో దానికేం తెల్సు!"

నేను బొమ్మ వెనకకు పోయిన. నాగలి పట్టినట్టు వంగి నిలవడ్డ. నిజమే. దున్నేటప్పుడు ఒరిగిన కొమ్ము ఎప్పుడూ నా ఎడమదిక్కే కనవడేది. ఇప్పుడు కుడిదిక్కున్నది. ఎదురుగ కూసుండి బొమ్మ కట్టుకుంట, నా ఎడమనే దాని ఎడమ అనుకున్న. దాన్ని ఎదురుగ చూసిన అలవాటు లేకపాయె. దానికి ముందు నడిచింది ఒక్కనాడే, అంగడి నాడు. ఆనాడు తిరిగి చూడలే.

వెల్డింగ్ ఆయనను పిలిపిచ్చిన. "బాగనే ఉన్నది కద బాపు, ఎందుకు కోసుడు?" అని గొణిగిండు గని, కొమ్ములు రెండూ కోసి అటుదిటు చేసిండు. ఆమె అందాక పోలే. కొంగుతో ఎద్దు నొసటి బొట్టు తుడిచి, ఎదురుగ నిలవడి కుడి చెయ్యి చాపింది. ఒరిగిన కొడవలి కొమ్ము ఆమె గాటుకు బెత్తెడు పైన ఆగింది.

"జర కిందికి" అన్నది.

నేను వెల్డింగ్ ఆయన దిక్కు తిరిగి అదే మాట అన్న. "జర కిందికి."