చిన్నక్క సున్నపు బొట్లు

“రాయి ఊగిందని బొట్టు పెట్టినావా, బొట్టు పెట్టి నువ్వే ఊపినావా? ముందు అది చెప్పు.”

బురుజు మలుపు తిరగకముందే ఈ మాట వినబడింది. కాలేజీ మానేసినప్పటి నుంచి ఎక్కడ పాత గోడ కనబడితే అక్కడ తిరగడమే నా పని. ఆ రోజు పామిడిలో బస్సు దిగి, నడుచుకుంటూ వచ్చి ఈ ఊరి కోటగోడ వెంబడి పడ్డాను. ఒకప్పుడు పట్నం చుట్టూ కట్టిన గోడ. ఇప్పుడు లోపల పట్నం లేదు, కంపచెట్లు, నాలుగు కొట్టాలు. అక్కడక్కడా రాళ్ళ మీద బొటనవేలంత సున్నపు బొట్లు. మా జిల్లాలో అలాంటివి చూస్తే ఎవడికైనా ఒకటే తోస్తుంది: గుప్తనిధుల వాళ్ళు గుర్తులు పెట్టుకున్నారని. నాకూ అదే తోచింది. వరసగా ఫొటోలు తీసుకుంటూ వచ్చాను.

మలుపు తిరిగితే ఒక ముసలామె, చేతిలో సున్నం కలిపిన సత్తు చెంబు. ఎదురుగా గొర్రెలాయన. ఆమె చిన్నక్క, ఆ మాట అడిగిన ఆయన ఓబన్న.

ఓబన్న కోపానికి కారణం ఉంది. పోయిన ఎండాకాలం ఎవరో బురుజు కింద తవ్వి పోయారు. దొంగలు దొరకలేదు, ఓబన్న తమ్ముణ్ణి మాత్రం స్టేషన్లో కూర్చోబెట్టారు. నన్ను చూడగానే నీ మనిషేనా అని ఆమెను అడిగి, నా ఫోన్ లాక్కున్నాడు. అన్నీ బొట్ల ఫొటోలే. ఇంకేం కావాలి?

“సాయంత్రం పెద్దమనుషుల్ని పిల్చుకొస్తా. ఎవురి సేతికి సున్నం అంటినా స్టేషనే” అని ఫోన్ నా మీదికి విసిరి వెళ్ళిపోయాడు.

నేనూ ఆమెను నమ్మలేదు. వెనకాలే నడుస్తూ కూపీ లాగాను. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతకుమించి చెప్పలేదు. మొగుడు నల్లప్ప గొర్రెలు కాసేవాడు. ఇక్కడ నీడంటే ఈ గోడ నీడే. మధ్యాహ్నమైతే మనుషులూ గొర్రెలూ దాని వెంబడే పడుకుంటారు. ఒక ఎండాకాలం పైరాయి జారి నల్లప్ప నడుము మీద పడింది. పోయేదాకా మంచం దిగలేదు. ఊరు మాత్రం వేరే కథ చెప్పింది: నిధికి తవ్వబోతే కోట భూతం కొట్టిందని. అప్పటి నుంచి వాళ్ళది నిధోళ్ళ ఇల్లు. శెనక్కాయ కూలికి కూడా ఆమెను చివర్లోనే పిలుస్తారు.

వాన పడిన ప్రతిసారీ గోడ చుట్టూ తిరిగి, చెయ్యి అందిన రాయినల్లా అరచేత్తో నెట్టి చూస్తుంది. కదిలితే బొట్టు. జనం ఆ బొట్ల కింద పడుకోరు. ఆమెను నమ్మి కాదు, అక్కడ భూతం ఉందని.

“భూతమే అనుకోనీ. ఆడ పండుకోకుంటే సాలు” అంది.

బొట్టున్న రాయి ఒకటి నెట్టాను. కదిలింది. పక్కదాన్ని నెట్టాను. కదల్లేదు. అయినా మనసు ఒప్పలేదు. ఆమె ఇల్లు చేరాక చూస్తే గడప ముందు మెట్టుగా వేసిన కోటరాయి. ఇంక దొంగతనం దొరికిందిలే అనుకుని, ఇది యాడిదవ్వా అన్నాను.

“ఆయప్ప మింద పడింది అదే” అంది. “ఇంగెవురి మిందా పడకుండా ఈడ ఏపించినా.”

నేను మెట్టు తొక్కకుండా పక్కనుంచి దాటాను.

ఇంటి వెనక ఉత్తరపు బురుజు. దాని నీడలో ఓబన్న కొత్తగా కంప వేసి గొర్రెపిల్లల దొడ్డి కట్టాడు. పక్కనే ఆయన మంచం. సరిగ్గా దాని పైన, నా తలకు మూరెడు ఎత్తులో ఒక రాయి ముందుకు తోసుకొచ్చి ఉంది. మొన్నటి వానకు అడుగు మట్టి జారిందని ఆమె ఆయనకు అప్పుడే చెప్పిందట. నన్ను లేపి ఆడ తవ్వాలనా అన్నాడట ఓబన్న. ఎక్కుదామంటే ఆమెకు మోకాళ్ళు వంగవు.

దూరంగా రచ్చ దగ్గర ఓబన్న నలుగురితో చేతులు ఊపుతూ మాట్లాడుతున్నాడు. మావైపు చూశారు. చిన్నక్క కూడా వాళ్ళను చూసింది. చూసి, చెంబు నా చేతికిచ్చింది.

“నువ్వు పొడుగుండావు నాయనా. వాళ్ళు వచ్చేలోగా ఆ రాయికి ఒక్క బొట్టు పెట్టిపో.”