అన్నం ఉడికేదాకా ముట్టుకోకు

మాస్టారు పోయారని మొన్న కోనసీమ నుంచి ఫోనొచ్చింది. ఆయన మీద నాలుగు ముక్కలు ఇవాళే రాసిమ్మని పత్రికవాళ్లు అడిగారు. ఇవాళే ఎందుకో నాకర్థం కాలేదు. పోయినవాళ్ల గురించి కూడా మనకి తొందరే.

ఊళ్లో ఆయన తెలుగు చెప్పేవారు. కువైట్‌లో సిమెంటు గోదాం చూసేవారు. తొంభైల్లో అక్కడి రిగ్గై పేటలో మా ఇద్దరిదీ ఒకే గది, ఒకే స్టవ్వు. అక్కడి నుంచి నేను ఊరి పత్రికలకి నిప్పులు చెరిగే వ్యాసాలు పంపేవాణ్ణి. నా చిత్తుప్రతి కనబడితే చాలు, తీసి బియ్యం డబ్బా కింద పెట్టేసేవారు. "వేడి మీద రాయి. వేడి మీద పంపకు." నాకు ఒళ్లు మండేది. ఆలస్యం ఎప్పుడూ యజమానులకే లాభం అనేవాణ్ణి. ఇప్పటికీ అంటాను.

ఒక శుక్రవారం, సల్వాలో ఇంటిపని చేసే కడప జిల్లా ఆవిడ మా గదికొచ్చింది. ఆ ఇంటి డ్రైవరే దింపాడు, వంటవేళకి మళ్లీ తీసుకుపోవాలి. అగ్రిమెంటు అయిపోయింది. ఊళ్లో కూతురికి నెలలు నిండుతున్నాయి. పాస్‌పోర్టు మాత్రం ఇంటి యజమానురాలు, అక్కడి పనివాళ్లు మామా అని పిలిచే ఆవిడ, బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. ఎంబసీకి అర్జీ రాసిపెట్టమంది.

ఆవిడ రెండు ముక్కలు చెప్పేలోపే నేను కాగితం నింపేశాను. బానిసత్వం, చిత్రహింస, చావుదెబ్బలు. మాస్టారు దాన్ని డబ్బా కింద దూర్చి స్టవ్వు వెలిగించారు.

"అన్నం ఉడికేదాకా ముట్టుకోకు."

"కింద కారొచ్చేస్తుంది మాస్టారూ. ఇది మీ ఎనిమిదో తరగతి వ్యాసరచన కాదు."

"టైము తగ్గించుకో అబ్బాయ్, మెట్టు ఎగ్గొట్టకు. ఈలోగా ఆవిణ్ణి అడుగు. ఇందాక అడగలేదుగా."

గంజి వార్చాక ఆయనే పైకి చదివారు. రాసినవాణ్ణి చదవనిచ్చేవారు కాదు, కాగితం మీద లేనిది కూడా కలిపి చదువుకుంటాడని. ఆవిడ మధ్యలోనే ఆపింది.

"మామా నన్ను కొట్టలేదు గదన్నా. అన్నం బాగనే పెడతాది. ఇంటికి పోతానంటే బుక్రా అంటాది, రేపు అని. ఆ రేపు రానే రాదు. కొట్టిందని రాస్తే, రేప్పొద్దున ఎంబసీవాళ్లు ఆయమ్మని అడగరా? నేనే అబద్ధాలదాన్ని అయిపోతా."

పాస్‌పోర్టు దాచుకోవడం కొట్టడం కంటే తక్కువా అని మాస్టారు మీదికి వెళ్లాను.

"తక్కువని ఎవరన్నారు? మరి అదే రాయవేం?"

దెబ్బలు తీసేశాం. బానిసత్వం తీసేశాం. అగ్రిమెంటు ఎప్పుడయిపోయింది, పాస్‌పోర్టు ఎక్కడుంది, అడిగితే ఏమంటున్నారు, అంతే మిగిలింది. ఆవిడ ఊఁ అన్నాక మాస్టారు గుండ్రటి అక్షరాలతో సాపు రాశారు. ఆవిడ సంతకం పెట్టి, అన్నం తినకుండానే కారెక్కింది.

అర్జీ పనిచేసింది, కానీ కూతురి పురుడు దాటిపోయాక. బాగా రాస్తే న్యాయం నడిచొస్తుందని చెప్పేవాళ్ల మీద నాకింకా కోపమే. ఆ కోపానికీ ఓపిక తగ్గిపోతోంది. ఎవరి కోసం కోపమొచ్చిందో ఆ మనిషి కాగితంలో ఉందా అని చూసుకోవడం మాత్రం ఆయన దగ్గర అబ్బింది, పోలేదు.

ఆవిణ్ణి పంపడానికి ఎయిర్‌పోర్టుకి ఇద్దరం వెళ్లాం. అద్దం అవతల లైన్లో నిలబడి, పాస్‌పోర్టు తెరిచి తన ఫొటోనే చూసుకుంటోంది. వెనకవాళ్లు ఆవిణ్ణి దాటుకుని వెళ్లిపోతున్నారు. ఇవతల మాస్టారు, వినబడదని తెలిసీ, "యల్లా తల్లీ, కదులు" అంటున్నారు.