తలుపు రంగు వేసిన తుపాకీ

అది 2022 ఎండాకాలం. వికారాబాద్‌లో లైసెన్సు ఉన్న ఒక తుపాకుల దుకాణంలో నేను మెకానిక్‌ని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. నా పని ఏమిటో చెప్పగానే ఎదుటివాళ్ళు ఒకడుగు వెనక్కి వేస్తారు. కాసేపయ్యాక కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటారు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సినిమాల్లో కనిపించే మనుషులు ఎవరూ ఉండరు. అడవిపందుల బెడద ఉన్న రైతులు, సైన్యం నుంచి వచ్చినవాళ్ళు, బ్యాంకుల దగ్గర, డబ్బు తీసుకెళ్ళే బండ్లలో గన్‌మ్యాన్ ఉద్యోగం చేసేవాళ్ళు, అంతే. ఈ గన్‌మ్యాన్ ఉద్యోగంలో ఒక విచిత్రం ఉంది. చాలా చోట్ల తుపాకీ యజమాని ఇవ్వడు. లైసెన్సూ తుపాకీ రెండూ మనవే అయి ఉండాలి. అవి ఉన్నవాడికే ఉద్యోగం.

నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా గ్రంథాలయంలో చదువుకున్నాను. ఈ మాట గర్వంగానే చెబుతాను. లోహాల మీద ఒక ఇంగ్లీషు పుస్తకం అక్కడ అడుగు అరలో దుమ్ము పట్టి ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని, రెండు వానాకాలాలు కూర్చుని దాన్ని పూర్తి చేశాను. చదివింది చేతి పనికి ఎప్పుడు ఉపయోగపడుతుందో తెలియదు. నాకు ఉపయోగపడిన రోజు గురించే ఇది.

పెద్దేముల్ నుంచి నర్సింలు అనే ఆయన వచ్చాడు. నలభై దాటిన మనిషి. తాండూరు దగ్గర నాపరాళ్ళకు పాలిష్ పట్టే చోట ఏళ్ళ తరబడి పనిచేశాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందనీ, ఇంకా అదే పనిలో ఉంటే మనిషి దక్కడనీ డాక్టరు గట్టిగా చెప్పాడట. మాట్లాడుతూనే మధ్య మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. తాండూరులో ఒక సెక్యూరిటీ ఏజెన్సీ అతన్ని డబ్బు బండిలో గన్‌మ్యాన్‌గా తీసుకుంటామంది. తండ్రి పోయాక తుపాకీ లైసెన్సు ఇతని పేరు మీదికి మారింది. అన్నాళ్ళూ పోలీస్ స్టేషన్లో ఉన్న తండ్రి తుపాకీ చేతికి వచ్చింది. సోమవారం పనిలో చేరాలి. తుపాకీ సరిగా పనిచేస్తుందని మాలాంటి దుకాణం రాసిచ్చిన కాగితం ఉంటేనే చేర్చుకుంటారు. ఆ సంతకం కోసం వచ్చాడు.

దుప్పటి విప్పి బల్ల మీద పెట్టాడు. రెండు గొట్టాల పాత పన్నెండు బోరు తుపాకీ. నల్లగా నిగనిగలాడుతోంది. నాకు మొదట వాసన తగిలింది. ఇది ఏం రంగని అడిగాను.

"ఇంటి తలుపులకు వేస్తే మిగిలింది శామ్యూలన్నా. స్టేషన్ల తుప్పు పట్టింది. ఏజెన్సోళ్ళు సూస్తే మంచిగుండాలె గద. రెండు కోటింగులు గొట్టిన."

మా సేటు రహీం సాబ్ కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "అరె నర్సింలు, రంగుతోనే ఇడిసినవేంది? జర గడియ గూడ పెట్టకపోయినవ్" అన్నాడు. నర్సింలు కూడా నవ్వాడు. అప్పటికి అది నవ్వుకునే విషయమే.

రంగు తీయకుండా గొట్టం పరీక్షించలేం. థిన్నర్‌లో గుడ్డ ముంచి, వెనక చివర నుంచి మెల్లగా తుడవడం మొదలుపెట్టాను. నల్లదనం పోయి కింద బూడిద రంగు లోహం బయటపడింది. ఇంకొంచెం తుడిచేసరికి నా చెయ్యి ఆగిపోయింది. లోహం మీద గీతలు ఉన్నాయి. ఎవరో చెక్కినవి కావు, లోహం లోపలి నుంచే పుట్టినవి. బొటనవేలి ముద్రల్లాంటి సుడులు ఒకదాని పక్కన ఒకటి, గొట్టాన్ని చుట్టుకుంటూ ముందుకు పోతున్నాయి. ఎండలో నీటి మీద నూనె తెట్టె కదిలినట్టు, గొట్టాన్ని తిప్పితే సుడులూ తిరుగుతున్నాయి. తుడుస్తూ పోయాను. చివరిదాకా అదే. రెండు గొట్టాలూ అంతే.

పుస్తకంలో నలుపు తెలుపు బొమ్మగా చూసినదాన్ని మొదటిసారి చేతిలో పట్టుకున్నాను. దీన్ని డమాస్కస్ గొట్టం అంటారు. ఇనుప పట్టీలూ ఉక్కు పట్టీలూ కలిపి ఎర్రగా కాల్చి, తాడు పేనినట్టు పేనుతారు. అలా పేనినవాటిని పక్కపక్కన చేర్చి, ఒక కడ్డీ చుట్టూ పొట్లకాయ తీగలా చుట్టి, సమ్మెటతో కొట్టి అతికిస్తారు. తర్వాత కడ్డీ తీసేస్తే గొట్టం మిగులుతుంది. మన తెలంగాణ ఉక్కు డమాస్కస్ కత్తులకు వెళ్ళిందని వినే ఉంటారు. అది వేరు, ఇది వేరు. పేరు ఒకటే కాబట్టి చదువుకున్నవాళ్ళు కూడా రెండింటినీ కలిపేస్తారు. యంత్రాలు లేని రోజుల్లో ఏ దేశంలోనో ఇద్దరు ముగ్గురు మనుషులు కొలిమి ముందు నిలబడి, కొట్టిన ప్రతి దెబ్బా తూచి కొడితే ఈ సుడులు పుట్టాయి. అది పెద్దేముల్ వచ్చి, పందులను తరిమి, చివరికి తలుపు రంగు కింద దాక్కుంది. సేటు కూడా లేచి వచ్చి, వేలితో తాకి, "సుబ్హానల్లా" అని మెల్లగా అన్నాడు.

నర్సింలుకు మా ముఖాలు చూసి సంతోషమయింది. మంచి తుపాకీయే కదా, ఇక సంతకం పెట్టేయమన్నాడు. అక్కడే చిక్కు వచ్చింది.

అతికించిన గొట్టమంటే ఆ చివర నుంచి ఈ చివరదాకా అతుకే. వందేళ్ళ చెమ్మ ఆ అతుకుల్లోకి దూరి లోపల ఎక్కడ తుప్పు పట్టించిందో బయటికి కనిపించదు. అదీగాక, ఈ గొట్టాలు పాత కాలపు నల్లటి తుపాకిమందు కోసం చేసినవి. ఆ మందు గుండును నెడుతుంది. ఇప్పటి ఫ్యాక్టరీ తూటాలో పొగ రాని మందు ఉంటుంది. అది గుద్దుతుంది. ఆ దెబ్బకు గొట్టం పగిలితే ముందుగా పోయేది దాన్ని పట్టుకున్న ఎడమ చెయ్యి. కొత్త మందుకు తట్టుకుంటుందని పరీక్ష చేసిన ముద్ర ఏదైనా ఉందేమోనని భూతద్దం పెట్టి వెతికాను. లేదు. సంతకం పెట్టలేనని చెప్పాను.

నర్సింలు ముఖం మారిపోయింది. తండ్రి ఏళ్ళకేళ్ళు కాల్చాడనీ ఏమీ కాలేదనీ వాదించాడు. అనుమానమైతే ఇసుక బస్తాల ముందు కట్టేసి, తాడుతో లాగి ఇక్కడే కాల్చి చూడమన్నాడు. మా వెనక పెరట్లో అలాంటి ఏర్పాటు ఉంది. కానీ పగలకుండా ఆగితే ఏం తెలుస్తుంది? ఇవాళ ఆగిందని తెలుస్తుంది, అంతే. ఇలాంటివి చాలాసార్లు ఆగి, ఒకసారి పగులుతాయి. ఆ మాటే చెప్పాను.

అప్పుడతను గొంతు తగ్గించి అన్నాడు. "కాల్చేదెవరన్నా? గన్‌మ్యాన్లను అడిగిన నేను. ఏండ్ల సంది ఒక్కడు గూడ కాల్చలేదంట. గిది సూపెట్టనీకె. నీకేం, నువ్వు సంతకం బెట్టకున్నా నీ దుకాణం నడుస్తది. నేను మల్ల రాళ్ళ దుమ్ములకు పోవాలె."

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. కాల్చే రోజు వస్తే బండిలో అతని పక్కనే డ్రైవరు కూడా ఉంటాడని మాత్రం అన్నాను. తర్వాత, పోట్లాట మానేసి ఒక ప్రశ్న అడిగాను. మీ నాయన ఏ తూటాలు వాడేవాడు? అతనికి తెలియదు. తండ్రి బతికున్నన్నాళ్ళూ తనను ఆ తుపాకీ ముట్టుకోనివ్వలేదట. పెళ్ళై పిల్లలు పుట్టినా ముట్టనివ్వలేదని చెబుతుంటే ఆ గొంతులో పాత కోపం తెలుస్తూనే ఉంది.

వాళ్ళ అమ్మకు ఫోన్ చేయించాను. స్పీకర్ పెట్టాడు. దుకాణంలో ఉన్నానని చెప్పి, రంగు తీసేశారని కూడా చెప్పాడు.

"రంగేంది? రంగేసినవా దానికి? ఎవలు వెయ్యమన్నర్రా నిన్ను?" అని ఆమె మొదట అతన్ని తిట్టింది. తర్వాత నేను అడిగింది విని నిదానంగా చెప్పింది. ఆయన దగ్గర ఇత్తడి తూటాలు ఉండేవట. కాల్చినవాటినే మళ్ళీ మళ్ళీ నింపేవాడు. మందు ఆయనే కొలిచి పోసేవాడు, చిన్న చెంచాతో, ఎప్పుడూ ఒకటే కొలత. మందుకూ గుళ్ళకూ మధ్య పెట్టే బిళ్ళలను ఈమె పాత గొంగడి నుంచి గుండ్రంగా కత్తిరించి ఇచ్చేది. దుకాణం తూటాలను ఇంటి గడప లోపలికి రానివ్వలేదు.

కొలిచి పోసిన పాత మందు, గొర్రెబొచ్చు బిళ్ళలు. కొలిమి దగ్గర నిలబడిన ఆ మనుషులు ఏ తిండి కోసం ఆ గొట్టాన్ని చేశారో, పెద్దేముల్‌లో ఒక రైతు దానికి సరిగ్గా అదే తిండి పెడుతూ వచ్చాడు. ఎవరు చెప్పారో ఆయనకు.

నర్సింలు ఫోన్ నోటికి దగ్గరగా పట్టుకున్నాడు. "మరి నాకెందుకు జెప్పలే అమ్మా? నన్ను దొంగను సూసినట్టు సూసిండు దాని దగ్గరికి వోతె."

"నువ్వు షౌకుగానివి బిడ్డా. టౌన్ల తూటాలు గొనుక్కొచ్చి పెడ్తవని ఆయనకు ఒకటే ఫికర్. నీ చేతులకు భయపడలేరా ఆయన. ఆ కొత్త తూటాలకు భయపడ్డడు."

నర్సింలు ఫోన్ పెట్టేసి, బల్ల మీది గొట్టాన్ని దగ్గరికి లాక్కున్నాడు. సేటు చాయ్ తెప్పించాడు. చాయ్ అయ్యాక నర్సింలే అడిగాడు, మరి నాకు ఏది పనికొస్తదన్నా అని.

చూపుకు దర్జాగా ఉన్నదే కావాలనే కోరిక ప్రతి కొనుగోలుదారుడికీ ఉంటుంది. ఇతని కళ్ళు గోడ మీది పంప్ యాక్షన్ మీద పడ్డాయి. ముందు చెక్కను వెనక్కి లాగితే కొత్త తూటా ఎక్కే తుపాకీ అది. చూడ్డానికి బాగుంటుంది. కానీ లోపల కదిలే భాగాలు ఎక్కువ. తాండూరు పక్కన కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ములో రోజూ బండిలో తిరిగే తుపాకీకి భాగాలు ఎన్ని తక్కువుంటే అంత మంచిది. ధర కూడా అతనికి అందేది కాదు. మర్పల్లిలో ఒక బ్యాంకు గన్‌మ్యాన్ ఉద్యోగం మానేసి మాకు అమ్మిన సింగిల్ బ్యారెల్ ఒకటి ఉంది. ఒకటే గొట్టం, బయటికి కనిపించే ఘోడా, అంటే తూటాను కొట్టే సుత్తి. అది పైకి లేచి ఉందో కిందికి ఉందో కంటితో చూడొచ్చు, చీకట్లో బొటనవేలితో తడిమి తెలుసుకోవచ్చు. గతుకుల రోడ్డు మీద, పక్కన మనుషులున్న బండిలో, అంతకన్నా పెద్ద భద్రత లేదు. భుజానికి ఆనించే కర్ర మీద గీతలున్నాయి, అందం లేదు. గొట్టం ఒకే ఉక్కు కడ్డీని తొలిచి చేసింది, ఇప్పటి మందుకు పరీక్ష చేసిన ముద్ర ఉంది.

తుపాకీ మనిషికి సరిపోతుందో లేదో చూడటానికి ఒక పద్ధతి ఉంది. ఖాళీ తుపాకీని కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తుకోమంటాం. తర్వాత కళ్ళు తెరవమంటాం. గొట్టం చివరి చిన్న పూస కంటికి సూటిగా నిలిస్తే కర్ర పొడవు సరిపోయినట్టు. నర్సింలు ఎత్తుకున్నాడు, తెరిచాడు. పూస ఎక్కడ కనిపిస్తోందని అడిగాను. "నడుమల్నే ఉన్నదన్నా" అన్నాడు. నూనె ఎక్కువ రాయొద్దని చెప్పాను. దుమ్ము నూనెలో కలిసి ముద్దవుతుంది. పొడి గుడ్డతో తుడిచి, నూనె వాసన మాత్రం మిగిలేలా ఉంచాలి.

సోమవారం చేరలేకపోయాడు. రెండో తుపాకీని లైసెన్సులో ఎక్కించడానికి ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఏజెన్సీ సూపర్‌వైజరు ఉద్యోగం ఇంకొకరికి ఇస్తానన్నాడు. నేను నర్సింలుతో తాండూరు వెళ్ళి, రంగు తీసిన పాత గొట్టం ఫోటో చూపించి, జరిగింది మొదటి నుంచి చెప్పాను. ఆయన ఫోటోను పెద్దది చేసుకుని చూసి, ఇది తన బండిలో పగిలి ఉంటే ఏమయ్యేదో తనే అన్నాడు. లైసెన్సు పని అయ్యేదాకా తుపాకీ లేకుండా గేటు దగ్గర కూర్చోమన్నాడు. అలా ఉద్యోగం నిలిచింది. పాత తుపాకీని సేటు కొంటానన్నా నర్సింలు అమ్మలేదు. కాల్చకూడదని చీటీ కట్టి, దాన్ని మా స్ట్రాంగ్ రూమ్‌లోనే దాచాం.

గొట్టం ఎలా తయారైందో నాకు పుస్తకం చెప్పింది. అది ఇన్నేళ్ళు ఎలా బతికిందో చెప్పగలిగింది మాత్రం ఆ ఇల్లే. అందుకే ఇప్పుడు పాత తుపాకీ ఏది వచ్చినా, ఇంట్లో దాన్ని ఎవరు వాడారు, దాంతో ఏం చేయనిచ్చేవాళ్ళు కాదు అని ముందే అడుగుతాను.

మరుసటి ఏడాది నర్సింలు సింగిల్ బ్యారెల్‌ను సర్వీసింగ్‌కు తెచ్చాడు. ఇంటర్ చదివే బిడ్డను వెంట తెచ్చాడు. మాట మధ్యలో ఊపిరి కోసం అతను ఇప్పుడు అంతగా ఆగాల్సి రావడం లేదు. పాతదాన్ని బయటికి తెప్పించాడు. ఈ గీతలేందని బిడ్డ అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆ సుడుల మీద వేలు పెట్టి తనే బిడ్డకు చెప్పడం మొదలుపెట్టాడు. తాడు పేనడం, కడ్డీకి చుట్టడం, అతుకులు, నెట్టే మందు, గుద్దే మందు. గ్రంథాలయంలో నిఘంటువు పట్టుకుని నేను కూడబలుక్కున్న మాటలన్నీ పెద్దేముల్ యాసలో పారుతుంటే వింటూ నిలబడిపోయాను.

అంతా విని ఆ అమ్మాయి అడిగింది. "మరి తాత నీకెందుకు జెప్పలే నాయినా?"

నర్సింలు గొట్టం మీది వేలు తీశాడు.

"ఆయన జెప్పలే, నేను అడగలే. నువ్వు అడిగినవ్, అందుకే నీకు దెల్సింది."