మొన్నటి మూడు

వీధిలో అందరూ ఆయన్ని శాంపిల్ బాబాయ్ అంటారు. ఆ పేరు పెట్టింది ఇంకెవరో కాదు, సాక్షాత్తూ పిన్నే. ఏ పనైనా సరే మొదలు, మధ్య, చివర చూసి "అయిపోయింది" అనడం బాబాయ్‌కి పుట్టుకతో వచ్చిన గుణం. పేపరు అలాగే చదువుతాడు. సినిమాకు వెళితే మొదలు, ఇంటర్వెల్, క్లైమాక్సు తప్ప మిగతాదంతా హాయిగా నిద్రపోతాడు. పైగా బయటికొచ్చి కథంతా పూసగుచ్చినట్టు చెబుతాడు. రేడియోలు, టీవీలు బాగుచేయడం ఆయన వృత్తి. బాగుచేసిన రేడియోలో ముల్లును ఈ చివర, నడుమ, ఆ చివర పెట్టి, మూడుచోట్లా పాట వినబడితే "పట్టుకెళ్ళండి" అనేవాడు. చాలాసార్లు ఆ రేడియో నిజంగానే బాగయ్యేది, అదే వచ్చిన చిక్కు.

పిన్ని టైలరు. ఇంట్లో వీధివైపు గదిలో ఆమె కుట్టుమిషను, వెనక గదిలో ఆయన సోల్డరింగు బల్ల. ఇప్పుడు టీవీ పాడైతే బాగుచేయించేవాళ్ళు లేరు, కొత్తది కొనేవాళ్ళే. బాబాయ్ మాత్రం చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి తెచ్చుకుని, ఫోనులో వీడియోలు చూసి, దానికి పనులు చెప్పడం నేర్చుకున్నాడు. ఆ వీడియోలు ఆయన ఎలా చూసి ఉంటాడో వేరే చెప్పాలా!

వీధి చివరి హాల్లో డ్రిల్లు మాస్టారు నాటకాలు వేయిస్తాడు. వాటికి బట్టలు కుట్టేది పిన్ని, తెర వెనక కూర్చుని మాటలు అందించేదీ పిన్నే. అందరి పాత్రలూ ఆమెకు కంఠతా వచ్చు. అద్దం ముందు నిలబడి ఆమె గుసగుసగా ఆ మాటలు చెప్పుకుంటూ ఉంటే బాబాయ్ చాలాసార్లు చూశాడు. చూసి, చూడనట్టు తప్పుకున్నాడు. ఈసారి ఇంటి ఓనరమ్మ వేషం కట్టాల్సినావిడకు కాలు బెణకడంతో మాస్టారు నేరుగా పిన్ని దగ్గరికే వచ్చాడు. మాస్టారి ముందు తలూపింది కానీ, ఆయన అటు వెళ్ళగానే మొగుడి మీద పడింది.

"జనం మొహాలు కనపడితే నాకు నోరు పెగలదండీ. మధ్యలో ఆగిపోయానంటే మళ్ళీ జన్మలో స్టేజీ ఎక్కను, ముందే చెబుతున్నా."

"హాలంతా చీకటి చేసేద్దాంలే."

"కిందటి నాటకంలో ఎవరో చీకట్లో మెట్టు తప్పి పడ్డారు. మాస్టారు ఒప్పుకోడు."

"అయితే గుడ్డి వెలుతురు పెడదాం. దారి తెలియాలి, మొహాలు తెలియకూడదు. అంతేగా? నాకు వదిలెయ్."

ఆమె కంటే ఆయనకే ఎక్కువ ఆశగా ఉంది. ఆ రోజే పనిలో దిగాడు. పాత టేప్ రికార్డర్ల నుంచి తొమ్మిది మీటలు పీకి, మూడేసి చొప్పున మూడు వరసల్లో ఒక అట్ట మీద బిగించాడు. పిన్ని ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు గుడ్డముక్కల మీద రాసి అంటించింది. అడ్డ వరసలకు మూడు వైర్లు, నిలువు వరసలకు మూడు. ఆ ఆరూ బోర్డుకు వెళతాయి. బోర్డు మీది చిప్పు ఒక్కో అడ్డ వరసకు కొంచెం కరెంటు పంపి, అది ఏ నిలువు వరసలోంచి బయటికొచ్చిందో చూస్తుంది. ఆ రెండూ కలిసేచోట ఉన్నదే మనం నొక్కిన మీట. అంకె తెలిశాక, హాల్లో దీపాలను కంటికి అందనంత వేగంగా వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటుంది. ఆర్పి ఉంచే వంతు ఎంత పెరిగితే వెలుగు అంత తగ్గినట్టు ఉంటుంది. ఒకటికి మిణుకు, తొమ్మిదికి పట్టపగలు.

వైర్లు అతికించే వేళకు ఎవరో మిక్సీ తెచ్చి కబుర్లలో పెట్టారు. ఆ కబుర్లలోనే బాబాయ్ అడ్డం వైర్లను నిలువు వైర్ల చోట, నిలువు వైర్లను అడ్డం వైర్ల చోట అతికించేశాడు.

ఆ సంగతి అప్పుడే ఎందుకు బయటపడలేదంటారా? హాల్లో అందరి ముందూ ఒకటి నొక్కాడు, మిణుకుమంది. ఐదు నొక్కాడు, ఓ మోస్తరుగా వెలిగింది. తొమ్మిది నొక్కాడు, ధగధగలాడింది. అడ్డం నిలువైనా, నిలువు అడ్డమైనా, ఈ మూల నుంచి ఆ మూలకు ఉన్న ఆ మూడు మీటలూ ఉన్నచోటే ఉంటాయి మరి.

"ఒకటి మరీ చీకటి, ఐదు మరీ వెలుగు. మూడు పెట్టు," అన్నాడు మాస్టారు.

"ఒకటికీ ఐదుకీ మధ్యదేగా? ఎక్కడికి పోతుంది!" అని బాబాయ్ అట్ట చంకన పెట్టుకుని భోజనానికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం హాలు నిండిపోయింది. పిన్ని స్టేజీ మీద అడుగుపెట్టింది. బాబాయ్ మూడు నొక్కాడు. హాలంతా భగ్గుమని వెలిగింది. ఏడో నంబరు వెలుగు! చివరి వరసలో ఆవలిస్తున్నవాడి నోరు కూడా కనిపిస్తోంది. పిన్ని నోరు తెరిచింది, మాట రాలేదు. ఆయన మళ్ళీ మూడే నొక్కాడు, ఈసారి గట్టిగా. గట్టిగా నొక్కితే అంకె మారుతుందా! కంగారులో రెండు నొక్కితే నాలుగో నంబరు వెలుగు వచ్చింది, మళ్ళీ మూడు నొక్కితే మళ్ళీ ఏడు. అప్పుడు వెలిగింది బుర్రలో. 'ఓరి దేవుడో, అడ్డం నిలువైంది! అయితే ఏడు నొక్కితే మూడు.' నా చేతులారా పెళ్ళాన్ని ముంచానని కళ్ళు చెమర్చాయి.

ఆయన వేలు ఏడు మీదికి వెళ్ళేలోపు స్టేజీ మీద పిన్ని చూపు జనం మీదే నిలిచిపోయింది. మొదటి వరసలో పోస్టుమాస్టరు చొక్కా, ఆమె కుట్టిందే. పక్కన ఆయన కూతురి గౌను, అదీ ఆమె కుట్టిందే. ఆ మూల లావుపాటాయన నడుం కొలత కూడా గుర్తొచ్చింది. హాల్లో సగంమంది ఆమె చేతి బట్టలే వేసుకుని కూర్చున్నారు. వీళ్ళకా నేను భయపడేది అనుకుందో ఏమో, పోస్టుమాస్టరు వైపు వేలు చూపించి, నాటకంలో లేని మాట అనేసింది.

"అద్దె అడిగితే చేతిలో చిల్లిగవ్వ లేదంటావు. ఒంటి మీదికి కొత్త చొక్కా ఎక్కడిదయ్యా?"

హాలు పగలబడి నవ్వింది. సరిగ్గా అప్పుడే బాబాయ్ ఏడు నొక్కాడు, మసక కమ్మేసింది. పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని చీకట్లోకి కేకేసింది.

"నా ఇంట్లో లైటు తగ్గించింది ఎవరు? కరెంటు బిల్లు కట్టేది నేను! పెట్టు!"

బాబాయ్ గబుక్కున మూడు నొక్కాడు. చప్పట్లు ఆగలేదు. మాస్టారు మొదట తల పట్టుకున్నాడు, తర్వాత ఆయనా నవ్వాడు.

నాటకం మళ్ళీ వేయమని జనం అడిగారు. ఈసారి బాబాయ్ వైర్లు విప్పి, సరిచేసి, తొమ్మిది మీటలూ ఒక్కొక్కటిగా నొక్కి చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒక పని పూర్తిగా చూడడం అదే మొదలు. గర్వంగా పిన్నిని స్టేజీ ఎక్కించి మూడు నొక్కాడు. మెత్తటి మసక వెలుగు, అచ్చం ఆమె మొదట అడిగినట్టు.

"ఇది కాదండీ," అంది పిన్ని. "మొన్నటి మూడు పెట్టండి."

"మొన్నటి మూడంటే ఏడే!"

"ఏదైతే నాకేం? నాకు జనం కనపడాలి."