పడుగుల బయలు మీద నా మాట

పోయిన నెల తిరువళ్ళూరు నుంచి మా అక్క మనవరాలు మూడోసారి అవే ప్రశ్నలు పంపింది. ఆ పిల్ల మేనేజ్‌మెంటులో పరిశోధన చేస్తోంది. ఒక సంగతి బాగా ఎరిగినవాళ్ళను ఎంచి, ఒకరి పేరు ఒకరికి తెలియనివ్వకుండా విడివిడిగా అడిగి, వచ్చిన జవాబులన్నీ అందరికీ చూపించి, ఇప్పుడేమంటారని మళ్ళీ అడగడం అందులో ఒక పద్ధతి. డెల్ఫీ అంటారట. అడిగిన సంగతి మాత్రం మాదే. పళ్ళిపట్టు దగ్గర మా నేతగాళ్ళ వీధి వెనక, పడుగు నూలు చాచుకోవడానికని మా తాత నేత సంఘానికి రాసిచ్చిన పడుగుల బయలును అట్లే ఉంచాలా, గోదాములకు ఇచ్చెయ్యాలా అని. నాతో సహా ఆ పిల్ల ఎంచుకున్న పెద్దలు తేల్చినట్టే చేస్తామని సంఘంవాళ్ళు ముందే ఒప్పుకున్నారు. తిరుత్తణిలో ఈ అద్దె ఇంటి వరండాలో కూర్చుని, ఉంచాలి అని మళ్ళీ రాయబోతూ ఆగిపోయాను.

నేత ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. పొద్దు పొడవకముందే పడుగును బారుగా చాచి, గంజి పట్టించి, ఇరుపక్కలా మనుషులు కుంచెలతో దువ్వుకుంటూ నడుస్తుంటే, ఆ పచ్చి గంజి వాసనతోనే మాకు తెల్లవారేది. వీధికంతా నూలు మా ఇంటి నుంచే పోయేది కనుక ఏ తగువు వచ్చినా ఆ బయల్లోనే, మా నాయన ముందరే కూడేవాళ్ళు. పెద్దల మాట విన్నాక చిన్నవాళ్ళు నోరు విప్పరని, చిన్నవాళ్ళు ముందు, మా ఇల్లు ఆఖరున మాట్లాడాలని తాత పెట్టిన కట్టుబాటు. అయినా మాట్లాడేవాళ్ళ చూపు మా నాయన మొహం మీదే ఉండేది. ఒకసారి మా చిన్నాయన, వానలకు పడుగులు పాడైపోతున్నాయి, గంజి పట్టించిన నూలే బయట కొందామన్నాడు. నాయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు, అంతే.

"అన్న ఎట్ల చెప్తే అట్లే," అని చిన్నాయన కూర్చున్నాడు. నాయన పక్కన నిలబడి నేనెంత పొంగిపోయానో.

ఈసారి ప్రశ్నలతో పాటు మిగిలినవాళ్ళ కారణాలూ వచ్చాయి, పేర్లు లేకుండా, చాలావరకు తమిళంలో. అక్కడ పడుగు చాచి ఏళ్ళయిందని ఒకరు, మగ్గాలే లేనప్పుడు బయలెందుకని ఒకరు. నడుమ తెలుగులో ఒకటి ఉంది: "అది మాదని పేరుకే. ఆ ఇంటోళ్ళ ఎదుట మనసులో మాట ఎవురూ చెప్పలేకపోయినాము. ఇప్పుడు అడిగినారు కాబట్టి చెప్తాండా. ఇచ్చేయండి."

ఎవరని పిల్లకు ఫోన్ చేశాను.

"పేరు చెప్పకూడదు తాతా, అదే రూలు," అంది. మళ్ళీ తనే, "అందరూ ఒక పక్కకు వచ్చినారు. నీ మాటొకటే వాకిట్లో నిలబడుకోని ఉంది. లోపలికి రమ్మంటావా, అట్లే ఉండమంటావా?" అని నవ్వింది.

అట్లే ఉండనీ అన్నాను. ఉన్నా దానితో తేలేదేమీ లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నిన్న గోదాముల కోసం బయలును కొలవడానికి మనుషులు వచ్చారని కబురు.

ఆ తెలుగు మాటలు రాసినవారి గొంతు ఎలా ఉంటుందోనని ఊహించుకుంటూ ఉంటాను. వీధిలో మిగిలిన ప్రతి మొహానికీ ఆ మాటలు అతుకుతున్నాయి. కోప్పడదామంటే ఎవరి మీద కోప్పడాలో తెలియదు, అబద్ధమని కొట్టిపారేయడానికి నాకు నోరు రావడం లేదు. మా రోజుల్లో ఓడినవాడు తనను ఓడించిన మనిషి మొహమైనా చూసి ఇంటికి పోయేవాడు.