పెద్ద నర్సమ్మ ఒప్పుకున్న ఫోటో

గడ్డమక్కకి గడ్డం లేదు. ఆ పేరు విని షాపు వెతుక్కుంటూ వచ్చినవాళ్లు లోపల కూర్చున్న చామనచాయ మనిషిని చూసి, బయటికెళ్లి బోర్డు చూసి, మళ్లీ లోపలికొచ్చి నవ్వాపుకోలేక అవస్థపడేవారు. ఫోటోకి కూర్చున్న ప్రతివాళ్లతోనూ "గడ్డం కొంచెం దించండి... అంత కాదు, కాస్త పైకి... ఆఁ, అక్కడే!" అంటూ ముప్పై ఏళ్లు గడిపేసింది. ఆ మాటే పేరై కూర్చుంది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు.

ఆవిడకి ఈ పని తండ్రి నుంచి వచ్చింది. అలాగని ఆయనేం కూర్చోబెట్టి కెమెరా నేర్పలేదు. పద్నాలుగో ఏట ఒక ఏటవాలు అద్దం బల్ల ముందు కూర్చోబెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలు చేతికిచ్చాడు. అద్దం కింద దీపం, అద్దం మీద నెగెటివ్. నెగెటివ్‌లో మనుషులు విచిత్రంగా ఉంటారు. జుట్టు తెల్లగా, పళ్లు నల్లగా. వాళ్ల మొటిమలూ మచ్చలూ కంటికింద గుంటలూ పెన్సిలు మొనతో చుక్కచుక్కగా పూడ్చేయాలి. పదేళ్లపాటు ఊరి మొహాలన్నీ ఆ బల్ల మీదుగానే వెళ్లాయి. ఏ చెంప మీద వెలుగు నిలుస్తుందో, ఏ ముక్కు పక్కన నీడ జారుతుందో ఆవిడకి కంఠతా వచ్చేసింది. "మేం పరిచయమైన రోజు అందరిలా నా మొహం చూడలేదండీ. ఎడమ చెవి కుడిదానికంటే కిందికుందని చూసింది" అని ఆవిడ భర్త ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తుంటాడు.

తండ్రి చేతులు వణకడం మొదలయ్యాక ఆవిడే కెమెరా వెనకాల నిలబడింది. ఆయన పోయాక షాపు రెండు ముక్కలైంది. మధ్యలో చెక్క అడ్డం. అవతల సగం తమ్ముడిది.

తమ్ముడి వైపు చూస్తే కళ్లు చెదిరిపోతాయి. గొడుగుల్లాంటి లైట్లు, అద్దాల బీరువాలో వరసగా పేర్చిన లెన్సులు, గోడ మీద తలుపంత తెర. రెండేళ్లకోసారి కెమెరా మారుస్తాడు. పెళ్లిళ్లకీ ఆటల పోటీలకీ ఆ చుట్టుపక్కల అతనే. అక్క వైపు సామానంతా కలిపితే ఒక స్టూలు, ఉత్తరం వైపు పెద్ద కిటికీ, దానికో తెల్లటి తెర, పట్టుకునే చోట రబ్బరు అరిగిపోయిన పన్నెండేళ్ల కెమెరా, దానికి ఒక్కటే లెన్సు.

చెక్క అడ్డం పైకప్పుదాకా లేదు. మీద రెండడుగుల ఖాళీ. అక్కాతమ్ముళ్ల మాటలన్నీ ఆ ఖాళీలోంచే.

"అక్కా! కొత్తది వచ్చింది. మనిషి కళ్లెక్కడున్నాయో దానంతటదే కనిపెట్టేస్తుంది!"

"నేనూ కనిపెడతాన్రా. ముక్కుకి పైన ఉంటాయి."

"నీతో మాట్లాడ్డం నాది బుద్ధి తక్కువ."

"అదొక్కటి మాత్రం నీ కెమెరా కనిపెట్టలేదు."

ఇలా రోజూ నడిచేది. కస్టమర్లు మధ్యలో కూర్చుని ఇటు మాటకీ అటు మాటకీ నవ్వుకునేవారు.

ఆ ఏడాది పెద్దాసుపత్రిలో పసిపిల్లల వార్డు పెద్ద నర్సమ్మ రిటైరవుతోంది. ముప్పై నాలుగేళ్ల సర్వీసు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లని, అరచేతిలో ఇమిడిపోయే పిల్లల్ని వందలమందిని బతికించి తల్లుల చేతుల్లో పెట్టిన మనిషి. ఆవిడ ఫోటో పెద్దది తీయించి వార్డు గుమ్మం పక్కన పెట్టాలని తోటి నర్సులంతా అనుకున్నారు. పని తమ్ముడికి అప్పజెప్పారు.

చిక్కేమిటంటే, పెద్ద నర్సమ్మకి ఫోటో అంటే పడదు. పద్దెనిమిదేళ్ల కిందట ఒకరోజు పొద్దున్నే మొహం కడుక్కుంటుంటే పుక్కిలించిన నీళ్లు నోటి మూలనుంచి కారిపోయాయట. అద్దంలో చూసుకుంటే మొహం ఎడమ సగం వాలిపోయి ఉంది. మందులు వాడింది, కొంత సర్దుకుంది. మిగతాది అలాగే ఉండిపోయింది. నవ్వితే కుడివైపే లేస్తుంది, ఎడమవైపు ఊరుకుంటుంది. అప్పట్నుంచి ఎవరు కెమెరా తీసినా ఆవిడకి ఎక్కడో ఒక చోట అర్జెంటు పని తగిలేది.

తమ్ముడు రెండు లైట్లూ మూడు లెన్సులూ మోసుకెళ్లి రెండొందల నలభై ఫోటోలు తీశాడు. తిరిగొచ్చి తెర మీద వేసుకుని చూశాడు. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి. వాటితో పాటు ఆవిడ భయం కూడా అంతే స్పష్టంగా వచ్చింది. తల ప్రాణం తోకకొచ్చింది అతనికి.

"అక్కా, ఒకసారి ఇటు రావూ?" ఈసారి గొంతులో హుషారు లేదు.

గడ్డమక్క వచ్చి, చేతులు కట్టుకుని తెర ముందు నిలబడింది. ఒకటి, పది, ముప్పై చూసింది.

"ఊపిరి బిగబట్టిందిరా పాపం. రెండొందల నలభై సార్లు."

"ఎన్ని జోకులేశాననుకున్నావ్!"

"ఆపరేషన్‌కి ముందు డాక్టరు జోకేస్తే నువ్వు నవ్వుతావా? ఆవిణ్ణి నా స్టూలు మీదికి పంపించు."

పంపించాడు. పెద్ద నర్సమ్మ బిగుసుకుపోయి వచ్చింది, కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. గడ్డమక్క కెమెరా జోలికి పోలేదు. కిటికీ తెర సర్దుతూ, రాత్రి డ్యూటీల గురించీ కాళ్ల వాపుల గురించీ అడిగింది. మాటల్లో మాటగా స్టూలు కొంచెం తిప్పింది. బాగున్న సగం వెలుగులోకొచ్చింది, వాలిన సగం మెత్తటి నీడలోకి జారింది. "గడ్డం కాస్త దించండమ్మా... ఆఁ, అక్కడే!" పదకొండంటే పదకొండే తీసింది.

వాటిలో ఒకటి చూసి తమ్ముడు నోరెళ్లబెట్టాడు. వంకర ఛాయ కూడా లేదు. హుందాగా, చల్లగా, పదేళ్లు వయసు తగ్గిన మనిషి. "ఒప్పుకున్నానక్కా! నా లైట్లన్నీ అమ్మేసుకోవచ్చు" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు గడ్డమక్క నడకే వేరు.

మర్నాడు పెద్ద నర్సమ్మ వచ్చి ప్రింటు చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది.

"ఎంత బావుందో! ఎవరమ్మా ఈవిడ?"

గడ్డమక్క నవ్వబోయి ఆగింది. అవతలి మనిషి నవ్వడం లేదు.

"నేను తప్పు పట్టడం లేదమ్మా. మీ చేతిలో విద్య ఉంది. ఈ మొహాన్ని దాచుకోవడం పద్దెనిమిదేళ్లుగా నేను చేస్తున్న పనే. మీరు నాకంటే బాగా దాచారు. అది చూశాకే నాకు కష్టమేసింది." ఆవిడ ప్రింటు మీద నీడలో ఉన్న చెంపని వేలితో తడిమింది. "ఆ వార్డులో పద్దెనిమిదేళ్లుగా పిల్లలు కళ్లు తెరిచి మొదట చూస్తున్నది ఈ వంకర మూతినే. ఒక్కరూ జడుసుకోలేదు. వాళ్లు చూసిన మనిషి ఇందులో లేదు."



 ముప్పై ఏళ్లలో గడ్డమక్కతో ఇలా ఎవరూ అనలేదు. అందరూ బాగున్నామనే అన్నారు, పట్టుకెళ్లి గోడకి పెట్టుకున్నారు. కాసేపు ఉక్రోషం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. తమ్ముడికేమో లెన్సుల పిచ్చి. తనకి పెన్సిలు అలవాటు. కనపడ్డ మచ్చనల్లా పూడ్చేయడమే ఫోటో అనుకుంది. కానీ ఆవిడ డీలాపడే రకం కాదు. తప్పు ఎక్కడుందో తెలిస్తే దిద్దుకోవడం తనకి చేతనవునని గట్టి నమ్మకం.

"మీరు పని చేస్తుంటే చూడాలి నేను. రేపు రానా?" అంది.

వెళ్లింది. మొదటి రోజు కెమెరా తీసుకెళ్లలేదు. ఆసుపత్రివాళ్లిచ్చిన గౌను తొడుక్కుని, చేతులు మోచేతులదాకా కడుక్కుని, వార్డులో ఒక మూల నిలబడింది. పట్టపగలే అక్కడ మసక వెలుతురు. నెలలు నిండని పిల్లల కళ్లు వెలుగుకి తట్టుకోలేవని కిటికీలకి దళసరి తెరలు వేశారు. అద్దాల పెట్టెల్లో చిన్న చిన్న పిల్లలు, పక్కన మిషన్ల పచ్చటి వెలుగు. పెద్ద నర్సమ్మ ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి వెళ్తూ, గుండ్రటి కంతలోంచి చెయ్యి లోపలికి పెట్టి, "ఏరా దొంగా, ఇవాళ ఎంత తాగావు?" అని పలకరిస్తోంది. అలా వంగినప్పుడు ఆవిడకి తన మొహం సంగతే గుర్తుండటం లేదు. గడ్డమక్కకి కావలసింది ఎక్కడ దొరుకుతుందో తెలిసిపోయింది.

రెండో రోజు కెమెరా పట్టుకెళ్లింది. ఫ్లాష్ వేయకూడదు. ఖాళీ పెట్టె ఒకటి చూసుకుని ముందు ఒకటి తీసి చూసింది. ఇసక చల్లినట్టు వచ్చింది. ఇంకోటి తీసింది, కదిలిపోయింది. ఊపిరి బిగబట్టి, గోడకి ఆనుకుని, తెలిసిన కిటుకులన్నీ ప్రయోగించి మూడోది తీసింది. అదీ అంతే. ఆ మసకలో తన కెమెరా గుడ్డిది. అంతకుమించి దాన్నుంచి రాదు. తన చేతి నైపుణ్యం ఎంతున్నా లేని చూపు అది తెచ్చుకోలేదు. పదే పదే ప్రయత్నించి పంతానికి పోకుండా, కెమెరా సంచిలో పెట్టుకుని తిన్నగా షాపుకొచ్చింది.

"ఒరేయ్, నీ కొత్త కెమెరా ఇవ్వరా."

 "ఏంటక్కా? చెక్క అడ్డం వచ్చి సరిగ్గా వినపడలేదు."

"నీ కొత్త కెమెరా కావాలి నాకు!"

"ముందే వినపడింది. ఇంకోసారి వినాలనిపించింది."

పట్టుకుని దెప్పుతాడనుకుంది. దెప్పలేదు. మధ్యాహ్నమంతా పనులు మానుకుని పక్కన కూర్చుని నేర్పాడు. చప్పుడు రాకుండా ఎలా తీయాలో, చీకటికి ఏ లెన్సు పెట్టాలో, వెలుగు తగ్గితే ఏ చక్రం ఎటు తిప్పాలో. "మిగతా బొత్తాలు ముట్టుకోకు. నాకే సగం తెలీదు" అని చెవిలో చెప్పాడు. గడ్డమక్క బుద్ధిగా తలూపింది. ఆ రోజు దాకా తమ్ముడికి పనితనం లేదనీ సామాను మాత్రమే ఉందనీ అనుకునేది. ఇంత విడమరిచి చెప్పగలడని అప్పుడే తెలిసింది.

మూడో రోజు తమ్ముడు కూడా వెళ్లాడు. ఒక్కరినే లోపలికి రానిస్తామంటే బయట బెంచీ మీద కూర్చున్నాడు.

గడ్డమక్క గంటన్నర ఊరికే నిలబడింది. పెద్ద నర్సమ్మ మొదట్లో రెండు మూడుసార్లు ఇటు చూసింది. తర్వాత గడ్డమక్క ఉన్న సంగతే మర్చిపోయింది. కిటికీ తెరల మధ్య సన్నటి సందులోంచి వెలుగు చారొకటి పడుతున్న పెట్టె దగ్గరికొచ్చింది. చెయ్యి లోపల పెట్టింది. నాలుగు రోజుల ఆడపిల్ల, ఆవిడ చిటికెనవేలిని పిడికిలితో పట్టేసుకుంది. "అమ్మో, అమ్మో, వదులు తల్లీ!" అంటూ ఆవిడ నవ్వింది. కుడివైపు పెదవి పైకి లేచింది, ఎడమవైపు లేవలేదు. ఎడమ కన్ను సగం మూసుకుంది. మొహం మొత్తం వెలుగులోనే ఉంది, అద్దానికి ఇవతల నిలబడ్డ గడ్డమక్కకి సూటిగా ఎదురుగా. నోటిదాకా వచ్చిన "గడ్డం" అన్న మాట మింగేసింది. మూడు తీసింది. రెండోదానికే తెలిసిపోయింది.

బయటికొచ్చి తమ్ముడి చేతిలో కెమెరా పెట్టింది. అతను కెమెరా తెర మీద ఫోటోని మూలమూలలా చూశాడు. "నేనైతే ఆ కిటికీ తెర ఇంకాస్త తీయమనేవాణ్ణక్కా" అన్నాడు చివరికి. "అప్పుడు ఆవిడ ఇటు తిరిగి చూసేది. అంతా పోయేది."

ప్రింటు పెద్ద నర్సమ్మకి చూపించిన రోజు ఇద్దరూ ఆవిడ మొహాన్నే చూస్తూ నిలబడ్డారు. ఆవిడ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"ఆఁ. ఇది నేనే. పెట్టండి గోడకి."

ఊళ్లో ఫోటోలు తీసేవాళ్లంతా ఏదో పనున్నట్టు ఆసుపత్రికి వెళ్లి ఆ ఫోటో చూసొచ్చారు. టీ కొట్టు దగ్గర రెండు జట్లుగా చీలి వాదించుకున్నారు. ఆ కెమెరా ఉంటే మేమూ తీసేవాళ్లమని కొందరు. ఆవిడ చేతికి ఏదిచ్చినా అంతేనని కొందరు. తేలక ఆవిణ్ణే అడిగారు.

"నా కెమెరాతో ఆ ఫోటో వచ్చేది కాదు, నిజం" అంది గడ్డమక్క, తడుముకోకుండా. "వాడి కెమెరాతో నేనే ఆవిడ ఆ మాట అనకముందు వెళ్లుంటే మాత్రం? మళ్లీ ఆవిడ వంకర కనపడకుండానే తీసేదాన్ని, ఇంకా స్పష్టంగా. చూడాల్సింది ఏదో ఆవిడే చెప్పింది. అది తెలిశాక, చీకట్లో చూడగలిగే యంత్రం కావలసొచ్చింది, అడిగి తెచ్చుకున్నా. ఎందుకు సిగ్గు?"

జట్లు రెండూ గెలిచామనుకుని వెళ్లిపోయాయి.

రిటైరయ్యాక పెద్ద నర్సమ్మకి ఇంట్లో తోచలేదు. ఒకరోజు షాపు మీదుగా వెళ్తుంటే లోపల్నుంచి ఒక పసివాడి ఏడుపు వీధంతా వినపడింది. పాస్‌పోర్టు ఫోటో అది. పసివాడు కళ్లు తెరవాలి, నోరు మూయాలి, పట్టుకున్న చెయ్యి కనపడకూడదు. గడ్డమక్కకి చెమటలు పడుతున్నాయి. తల్లి ఏడవడానికి సిద్ధంగా ఉంది. తమ్ముడు అడ్డం మీది ఖాళీలోంచి కీ ఇచ్చే కోతిబొమ్మ ఊపుతున్నాడు, దాన్ని చూసి వాడు ఇంకా గట్టిగా అందుకుంటున్నాడు.

పెద్ద నర్సమ్మ చెప్పులు విడిచి లోపలికొచ్చింది. ఎవర్నీ ఏమీ అడక్కుండా పిల్లాణ్ణి అందుకుని, తెల్లటి దుప్పటి మీద పడుకోబెట్టి, వాడి మొహం మీదికి వంగి మెల్లగా ఊదింది. వాడు ఏడుపు మధ్యలో ఆపేసి, నోరు మూసి, కళ్లు ఇంత చేసుకుని ఆవిణ్ణే చూశాడు.

"తీయమ్మా, ఇంకా చూస్తావేం?" అంది ఆవిడ, తల పక్కకి తప్పించుకుంటూ.

గడ్డమక్క అప్పటికే తీసేసింది.