నేను నేర్పిన యాస

జెర్సీ సిటీలో మా పొరుగున ఒక నటుడుండేవాడు. తాతల నాడే జపాను విడిచి వచ్చిన కుటుంబం. అతనికి ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. ఎనభైల ఆరంభంలో ఒక సాయంత్రం వచ్చి, టీవీ హాస్యనాటికలో జపాను తోటమాలి వేషం దొరికిందనీ, ఇంగ్లీషును విరిచి పలకకపోతే రేపే తీసివేస్తారనీ చెప్పాడు.

"మీలా మాట్లాడడం నేర్పండి. మన్నించండి, అడగడానికి మరొకరు లేరు."

నాది తెలుగు యాస; అతని చెవికి అదీ విరిగిన ఇంగ్లీషేనని తెలిసి నా ముఖం వేడెక్కింది. అయినా అతని చేతిలోని కాగితం అందుకొని, అందులోని సంభాషణలన్నీ చదివి వినిపించాను.

నాటిక ప్రసారమైననాడు నా భార్య పకపక నవ్వింది. అంతలో ఆ గొంతులో నా పలుకును గుర్తుపట్టి చటుక్కున ఆగిపోయింది. మా సోఫాలోనే కూర్చున్న అతడు తెరను కాక నన్నే చూస్తున్నాడు.